తెగులు పేరు ఒక్కటే, తెగలు అనేకం

ఉదయం నిటారుగా నిలబడిన టమాటా మొక్క మధ్యాహ్నానికి తల వాలుస్తుంది. నీరు చాలలేదేమోనని రైతు తడి పెడతాడు. సాయంత్రం చల్లబడ్డాక మొక్క కాస్త తేరుకున్నట్టే కనిపిస్తుంది. మర్నాడు మళ్లీ అదే తంతు. నాలుగైదు రోజుల్లో మొక్క మొత్తం వడలి, ఇక లేవదు. ఆకులు పసుపు రంగుకు తిరగవు, మచ్చలు పడవు. పచ్చగా ఉండగానే మొక్క చచ్చిపోతుంది. ఆ తర్వాత పక్క మొక్క, నీరు పారే దారి వెంట మరో పది మొక్కలు అలాగే వాలిపోతాయి.

ఇది బ్యాక్టీరియా ఎండు తెగులు. కొన్నిచోట్ల వడలు తెగులు అని కూడా అంటారు. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప, అల్లం, అరటి వంటి పంటలన్నీ దీని బారిన పడేవే. తోట పూతకో కాపుకో వచ్చాక ఇది ఎక్కువగా బయటపడుతుంది. అప్పటికే నారు, ఎరువు, కర్రలు, తీగలు, కూలీల ఖర్చు నేలలో పడిపోయి ఉంటుంది. తెగులు కనిపించాక ఆ మొక్కను బతికించే మందు లేదు. అందుకే రైతుకు మిగిలిన ప్రధాన ఆశ తెగులును తట్టుకునే రకం ఒక్కటే.

ఆ ఆశకు ఇచ్చే హామీలో ఒక లోపం ఉంది. విత్తన ప్యాకెట్ మీదా, నర్సరీ కరపత్రంలోనూ 'ఎండు తెగులును తట్టుకునే రకం' అనే మాట ఉంటుంది. ఎండు తెగులు కలిగించే బ్యాక్టీరియాలో ఏ తెగను తట్టుకుంటుందో, ఏ నేలలో పరీక్షించారో సాధారణంగా ఉండదు. ఈ బ్యాక్టీరియా జన్యు వైవిధ్యం గురించి శాస్త్రం ఇప్పటికే చెప్పిన విషయాలను పరిగణిస్తే, ఆ సమాచారం లేని హామీ సగం హామీయే. దేశంలో ఈ వైవిధ్యాన్ని నమోదు చేసే పని పరిశోధన పత్రాల దగ్గర ఆగిపోకుండా రకాల పరీక్షలోకి, విత్తన లేబుల్‌లోకి రావాలి.

నీటి గొట్టాల్లో కాపురం

ఈ తెగులుకు కారణం రాల్‌స్టోనియా అనే బ్యాక్టీరియా. అది నేలలో ఉంటుంది. నాటేటప్పుడో కలుపు తీసేటప్పుడో వేళ్లకు తగిలిన గాయాల నుంచి, వేరుముడి నులిపురుగులు చేసిన రంధ్రాల నుంచి, కొత్త పిల్లవేళ్లు పొడుచుకువచ్చే చోటు నుంచి అది లోపలికి చేరుతుంది. వేరు నుంచి ఆకుకు నీరు తీసుకువెళ్లే సన్నని గొట్టాల్లో స్థిరపడుతుంది. సంఖ్య పెరిగిన కొద్దీ జిగురు లాంటి చక్కెర పదార్థాన్ని పెద్దమొత్తంలో తయారు చేస్తుంది. ఆ జిగురు గొట్టాల్లో నీటి ప్రవాహానికి అడ్డుపడుతుంది. నేలలో నీరు ఉన్నా ఆకుకు అందదు. పచ్చగా ఉండగానే మొక్క వాలిపోవడానికి కారణం ఇదే.

దీన్ని గుర్తించడానికి పొలంలోనే చేయగల పరీక్ష ఉంది. వాలిన మొక్క కాండాన్ని మొదలు దగ్గర కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులోని తేట నీటిలో వేలాడదీయాలి. బ్యాక్టీరియా ఉంటే కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాల వంటి తెల్లని దారాలు కిందికి జారతాయి. శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులులో ఇవి కనిపించవు. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష తెగులు ఏదో చెబుతుంది. కానీ తెగ ఏదో చెప్పలేదు.

చచ్చిన మొక్కను పీకేసినంత మాత్రాన ఈ బ్యాక్టీరియా పోదు. అది నేలలో, కలుపు మొక్కల వేళ్లలో, కాలువ నీటిలో మిగిలిపోతుంది. ప్రయోగశాలలో శుద్ధమైన నీటిలో ఉంచితే దశాబ్దాల తరబడి బతికిన దాఖలాలు ఉన్నాయి. ఇది 200కు పైగా మొక్క జాతులకు సోకగలదు. కాబట్టి పంట మార్చడం కూడా అనుకున్నంత తేలిక కాదు. 2012లో ఒక అంతర్జాతీయ పరిశోధన పత్రిక నిపుణుల అభిప్రాయం సేకరించి, మొక్కలకు వ్యాధి కలిగించే ముఖ్యమైన 10 బ్యాక్టీరియాల జాబితా తయారు చేసినప్పుడు రాల్‌స్టోనియాకు రెండో స్థానం దక్కింది.

ఒక్క పేరు కింద ఎన్ని?

అమెరికా శాస్త్రవేత్త ఎర్విన్ స్మిత్ 1896లో ఈ బ్యాక్టీరియాను వర్ణించి దానికి బాసిల్లస్ సొలనేసియేరమ్ అని పేరు పెట్టారు. తర్వాత అది సూడోమోనాస్ అయింది, బర్ఖోల్డేరియా అయింది, 1995లో రాల్‌స్టోనియా అయింది. ఇంటిపేరు ఇన్నిసార్లు మారడం ఒక ఎత్తు. అసలు అది ఒకే జీవి కాదని తేలడం మరో ఎత్తు.

మొదట్లో శాస్త్రవేత్తలు దీన్ని రెండు విధాలుగా విభజించేవారు. ఏ పంటకు సోకుతుందో చూసి ఐదు 'రేసులు'గా, ఏయే చక్కెరలను వాడుకుంటుందో చూసి 'బయోవార్లు'గా లెక్కపెట్టేవారు. ప్రయోగశాలలో ఇవి పనికొచ్చాయి గానీ, ఎవరికి ఎవరు చుట్టమో సరిగా చెప్పలేకపోయాయి. 2005లో ఫీగన్, ప్రయర్ అనే శాస్త్రవేత్తలు డీఎన్ఏ ఆధారంగా కొత్త వర్గీకరణను ప్రతిపాదించారు. దాని ప్రకారం ఈ కుటుంబంలో నాలుగు పెద్ద శాఖలు ఉన్నాయి. వాటిని ఫైలోటైపులు అంటారు. ఒకటోది ప్రధానంగా ఆసియాకు, రెండోది అమెరికా ఖండాలకు, మూడోది ఆఫ్రికాకు, నాలుగోది ఇండోనేషియా ప్రాంతానికి చెందినవి. ఒక్కో ఫైలోటైప్‌లో మళ్లీ సీక్వెవార్లు అనే ఉపశాఖలు ఉన్నాయి. అన్నీ కలిపి వాటి సంఖ్య 50 దాటింది.

ఈ శాఖల మధ్య దూరం ఎంత ఎక్కువంటే, 2014లో వీటిని మూడు వేర్వేరు జాతులుగా విడదీశారు. ఫైలోటైప్ రెండుకు పాత పేరు మిగిలింది. ఒకటి, మూడు కలిపి సూడోసొలనేసియేరమ్ అనే కొత్త జాతి అయ్యాయి. నాలుగు మరో జాతి. మన దేశంలో వంగ, టమాటా తోటల్ని వాల్చేది ప్రధానంగా ఫైలోటైప్ ఒకటికి చెందిన బ్యాక్టీరియా. అంటే పాఠ్యపుస్తకాల్లో, సలహా కరపత్రాల్లో ఇప్పటికీ కనిపించే పాత శాస్త్రీయ నామం దానికి నేడు వర్తించదు. పేరు మారినంత మాత్రాన రైతుకు ఒరిగేదేమీ లేదన్నది నిజమే. కానీ పేరు వెనుక ఉన్న తేడా అతని పొలంలో ఫలితాన్ని మారుస్తుంది.

అప్పు తెచ్చుకునే జన్యువులు

ఇంత వైవిధ్యం ఎలా వచ్చింది? 2002లో జిఎమ్ఐ1000 అనే తెగ జీనోమ్‌ను పూర్తిగా చదివినప్పుడు కొంత సమాధానం దొరికింది. సుమారు 58 లక్షల డీఎన్ఏ అక్షరాలు, 5,000కు పైగా జన్యువులు అందులో ఉన్నాయి. అవి ఒక పెద్ద క్రోమోజోమ్, దాదాపు సగం సైజున్న మెగాప్లాస్మిడ్ అనే రెండు భాగాల్లో సర్ది ఉన్నాయి. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. పరిసరాల్లో పడి ఉన్న ఇతర బ్యాక్టీరియాల డీఎన్ఏ ముక్కలను లోపలికి తీసుకుని తన జీనోమ్‌లో కలుపుకునే శక్తి ఈ బ్యాక్టీరియాకు సహజంగానే ఉంది. తల్లి నుంచి బిడ్డకు వచ్చే ఆస్తి మీదే ఆధారపడకుండా పక్కింటి నుంచి కూడా సామాను తెచ్చుకుంటుందన్నమాట.

అన్ని శాఖలూ ఈ పనిని ఒకే స్థాయిలో చేయవు. బంగాళాదుంపకు గోధుమ కుళ్లు తెచ్చే, ఫైలోటైప్ రెండులోని ఒక ఉపశాఖ ప్రపంచమంతా దాదాపు ఒకే అచ్చు పోసినట్టు కనిపిస్తుంది. అది విత్తన దుంపలతో పాటు దేశాలు దాటింది. దీనికి భిన్నంగా మన తోటల్లో ప్రధానమైన ఫైలోటైప్ ఒకటి జన్యువుల మార్పిడిలో చురుకైనది. అచ్చు పోసినట్టు ఉండే శత్రువును అడ్డుకోవాలంటే విత్తన దుంపల రాకపోకల మీద నిఘా పెట్టాలి. ఎప్పటికప్పుడు జన్యువులు కలుపుకునే శత్రువు విషయంలో అది చాలదు. నేలలో ఉన్నదేమిటో మళ్లీ మళ్లీ చూసుకోవాల్సిందే. కాబట్టి జన్యు వైవిధ్యాన్ని తెలుసుకోవడం కేవలం జాబితా రాసుకోవడం కాదు. ఎక్కడ ఏ రకమైన జాగ్రత్త పనిచేస్తుందో దాన్నిబట్టే తేలుతుంది.

తట్టుకోవడం అంటే ఎవరిని?

మొక్క గొట్టాల్లోకి చేరిన బ్యాక్టీరియా పదుల సంఖ్యలో ప్రోటీన్లను సూది గుచ్చినట్టు మొక్క కణాల్లోకి పంపుతుంది. వాటిని ఎఫెక్టర్లు అంటారు. మొక్క రక్షణ వ్యవస్థను నిద్రపుచ్చడం వాటి పని. అయితే వాటిలో ఏదో ఒకదాన్ని గుర్తుపట్టే జన్యువు మొక్కలో ఉంటే పరిస్థితి తారుమారవుతుంది. కాపలాదారు దొంగ ఆనవాలు పట్టినట్టు, మొక్క ఆ ప్రోటీన్‌ను పసిగట్టి రక్షణకు దిగుతుంది.

వంగలో ఇందుకు చక్కని ఉదాహరణ ఉంది. ఏజీ91-25 అనే వంగ వంశంలోని ఒక జన్యు భాగం, బ్యాక్టీరియా పంపే రిప్ఏఎక్స్2 అనే ప్రోటీన్ ఉన్నప్పుడు మొక్కకు నిరోధకతనిస్తుందని 2018లో వెలువడిన ఫ్రెంచ్ శాస్త్రవేత్తల పరిశోధన చూపింది. మరి ఆ జన్యువు లేని తెగ ఆ పొలంలో ఉంటే? కాపలాదారుకు తెలిసిన ఆనవాలు ఆ దొంగకు లేదు. కాబట్టి ఆ నిరోధకత అక్కడ అక్కరకు రాదు. వంగ రకం చెడిపోలేదు, రైతు సేద్యంలో తప్పు జరగలేదు. ఎదురుగా ఉన్న బ్యాక్టీరియా వేరు, అంతే.

టమాటాలోనూ ఇదే కథ. ప్రపంచంలో ఎండు తెగులును నమ్మకంగా తట్టుకునే వంశంగా హవాయి 7996కు పేరుంది. అంటు కట్టడానికి వేరుమూలంగానూ, కొత్త రకాలకు జన్యుదాతగానూ దాన్ని వాడుతున్నారు. దాని నిరోధకతకు ముఖ్యమైన రెండు జన్యు భాగాలు ఆరో, పన్నెండో క్రోమోజోమ్‌ల మీద ఉన్నాయి. పన్నెండో క్రోమోజోమ్ మీది భాగం ఫైలోటైప్ ఒకటి తెగల మీద బాగా పనిచేస్తుంది. పరీక్షించిన ఫైలోటైప్ రెండు తెగ మీద మాత్రం దాని ప్రభావం కనిపించలేదు. అంత పేరున్న మొక్క నిరోధకతలోనూ ఒక భాగం కొందరికే అడ్డుకట్ట.

దీన్ని అన్నిటికంటే సూటిగా చూపింది 2011లో ప్రచురితమైన ఒక ప్రయోగం. టమాటా, వంగ, మిరప పంటల్లో నిరోధకతకు పేరున్నవి ఎక్కువగా ఉండేలా 30 వంశాలను ఎంచుకున్నారు. బ్యాక్టీరియా కుటుంబం మొత్తానికి ప్రతినిధులుగా 12 తెగలను తీసుకున్నారు. ప్రతి మొక్కనూ ప్రతి తెగతో పరీక్షించారు. పన్నెండింటినీ అడ్డుకున్న వంశం ఒక్కటీ తేలలేదు. కొన్ని మొక్కలు వాలకపోయినా వాటి కాండంలో బ్యాక్టీరియా దాగి ఉన్నట్టు కూడా ఆ ప్రయోగంలో బయటపడింది. పైకి ఆరోగ్యంగా కనిపించే అలాంటి మొక్క తర్వాతి పంటకు తెగులును అందించగలదు.

మన చేతిలో ఉన్నదేమిటి

భారతదేశానికి ఈ తెగులు కొత్త కాదు. పుణె ప్రాంతపు బంగాళాదుంపల్లో దీని గురించి 1892లోనే నమోదైంది. దుంపను అడ్డంగా కోస్తే గోధుమ రంగు వలయం కనిపించేది కాబట్టి దానికి వలయ తెగులు అనే పేరు వచ్చింది. అప్పటి నుంచి దేశంలో విలువైన కృషి జరిగింది. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం టమాటాలో శక్తి, ముక్తి, అనఘ, వంగలో సూర్య, శ్వేత, హరిత, మిరపలో ఉజ్వల వంటి నిరోధక రకాలను ఇచ్చింది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఎండు తెగులుతో పాటు ఆకుముడత, ఆకుమాడు తెగుళ్లను కూడా తట్టుకునే అర్క రక్షక్ సంకర టమాటాను విడుదల చేసింది. వారణాసిలోని కూరగాయల పరిశోధన సంస్థ వంగ వేరుమూలం మీద టమాటా అంటు కట్టే పద్ధతిని రైతుల దగ్గరకు తీసుకెళ్లింది.

జన్యు వైవిధ్యం మీద కూడా పరిశోధనలు లేకపోలేదు. వంగకు సోకే తెగలను పరిశీలించిన గోవా శాస్త్రవేత్తలు అవన్నీ ఫైలోటైప్ ఒకటికి చెందినవేనని, అయినా ఆ ఒక్క గుంపులోనే తేడాలు ఉన్నాయని చూపారు. దేశంలో బంగాళాదుంపకు ఎండు తెగులు తెచ్చేవి ఒకటి, రెండు, నాలుగు అనే మూడు ఫైలోటైపులకు చెందినవని 2014లో మరో బృందం వెల్లడించింది. మూడు వేర్వేరు ప్రాంతాల పేర్లతో పిలిచే శాఖలు ఒకే దేశంలో, ఒకే పంట మీద ఉన్నాయంటే, 'ఎండు తెగులును తట్టుకునే రకం' అనే మాట ఎంత అసంపూర్ణమో ఊహించవచ్చు.

చిక్కల్లా ఈ సమాచారం ముక్కలు ముక్కలుగా ఉండటమే. ఒక బృందం రేసు, బయోవార్ చెబుతుంది. మరొకటి డీఎన్ఏ పట్టీల నమూనా చెబుతుంది. ఇంకొకటి కొన్ని జన్యువుల వరుసను చదువుతుంది. ఒకరి ఫలితాన్ని మరొకరి ఫలితం పక్కన పెట్టి పోల్చడం కష్టం. ఫలానా జిల్లాలో ఫలానా తెగ ఉందన్న చోట చాలా పత్రాలు ఆగిపోతాయి. మార్కెట్‌లో ఉన్న ఏ రకాన్ని ఆ తెగ వాల్చగలదన్న ప్రశ్న దాకా రావు. మదనపల్లె మార్కెట్‌కు టమాటా తెచ్చే రైతుకు కావలసింది ఆ రెండో ప్రశ్నకు జవాబే.

అభ్యంతరాలకు జవాబు

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. నిరోధక రకం విఫలమైన ప్రతిసారీ తెగదే తప్పు కాదు. నేల వేడి పెరిగినా, నీరు నిలిచినా, వేరుముడి నులిపురుగులు వేళ్లను తూట్లు పొడిచినా నిరోధకత సడలుతుంది. ఆమ్ల నేలల్లో తెగులు ఉధృతి వేరు. ఇదంతా నిజం. అందుకే తెగ పేరు తెలియడం మరింత అవసరం. ఒక తోట పోయినప్పుడు అక్కడి తెగ ఆ రకాన్ని ఓడించగలిగేదేనా కాదా అని తెలిస్తే, మిగతా కారణాల వైపు చూడవచ్చు. తెలియకపోతే శాస్త్రవేత్త నేలను అనుమానిస్తాడు, విత్తనం అమ్మినవాడు రైతు సేద్యాన్ని తప్పుపడతాడు, రైతు విత్తనాన్ని తిడతాడు. ఎవరి మాట నిజమో తేల్చే ఆధారం ఎవరి దగ్గరా ఉండదు. నష్టం మాత్రం రైతు దగ్గరే మిగులుతుంది.

ఖర్చు అనేది రెండో అభ్యంతరం. ప్రతి పొలంలోని బ్యాక్టీరియా జీనోమ్‌ను చదవాలని ఎవరూ అనరు. నాలుగు ఫైలోటైపులను వేరు చేసే పీసీఆర్ పరీక్ష చాలాకాలంగా వాడుకలో ఉంది. కుటుంబం మొత్తానికి ఉమ్మడి గుర్తుగా 280 డీఎన్ఏ అక్షరాల పట్టీ ఒకటి, దానితో పాటు ఫైలోటైప్‌ను బట్టి మరో పట్టీ కనిపిస్తాయి. ఆ రెండోది 144 అక్షరాలదైతే ఒకటో ఫైలోటైప్, 372 అయితే రెండు, 91 అయితే మూడు, 213 అయితే నాలుగు. ఇది మామూలు వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో చేయగల పని. ఒక జన్యువు వరుసను చదివితే సీక్వెవార్ కూడా తెలుస్తుంది. ఎంపిక చేసిన కొద్ది నమూనాలకే పూర్తి జీనోమ్ చదివితే చాలు.

ఫోన్‌లో ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే సాధనాలు వచ్చాయి కదా అనేది మూడోది. కేంద్ర వ్యవసాయ శాఖ 2024 ఆగస్టులో ఇలాంటి జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థను ప్రారంభించింది. అది మంచి అడుగే. కానీ వాలిన మొక్క ఫొటోలో తెగ కనిపించదు. ఫొటో ఎక్కడి నుంచి నమూనా తేవాలో చెప్పగలదు, నమూనాకు బదులు కాలేదు.

ఇక యాంటీబయాటిక్స్ పిచికారీ మీద ఆశ పెట్టుకోవడం ప్రమాదకరం. గొట్టాల లోపల దాగిన బ్యాక్టీరియా మీద వాటి ప్రభావం అంతంతమాత్రమే. పైగా మనుషుల వైద్యానికి అవసరమైన మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరిగే ముప్పు ఉంది. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌లను పంటల మీద వాడకుండా నిషేధించేందుకు కేంద్రం 2021లో ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది కూడా.

చేయదగిన నాలుగు పనులు

కొత్త సంస్థ అవసరం లేదు. ఉన్న వ్యవస్థలను కలిపితే చాలు. కూరగాయల మీద అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం కింద ఎన్నో కేంద్రాల్లో రకాలను పరీక్షిస్తున్నారు. ఎండు తెగులు నిరోధకతను పరీక్షించే ప్రతి మడిలోనూ ఆ నేలలోని బ్యాక్టీరియా ఫైలోటైప్, సీక్వెవార్ నమోదు చేయడం మొదటి పని. 'ఇన్ని శాతం మొక్కలు బతికాయి' అనే అంకె పక్కన 'ఏ తెగ ఎదుట' అన్నది లేకపోతే ఆ అంకె మరో జిల్లాకు పనికిరాదు.

రెండోది, సేకరించిన తెగలను సజీవంగా భద్రపరచడం. ఉత్తరప్రదేశ్‌లోని మౌలో వ్యవసాయ సూక్ష్మజీవుల జాతీయ బ్యూరో ఉంది. దేశంలోని ముఖ్యమైన తెగల ప్రతినిధుల సమూహాన్ని అక్కడ నిలవ చేసి, కొత్త రకం ఏదైనా విడుదలకు ముందు ఆ సమూహాన్ని ఎదుర్కోవాలనే నియమం పెట్టవచ్చు. కఠినమైన జీవభద్రత ఏర్పాట్ల మధ్య, ఎంపిక చేసిన ప్రయోగశాలల్లోనే ఈ పరీక్ష జరగాలి. లేని తెగను కొత్త ప్రాంతానికి మోసుకెళ్లే పొరపాటు జరగకూడదు.

మూడోది, నారు రాకపోకల మీద చూపు. ఇప్పుడు టమాటా, వంగ నారు వాణిజ్య నర్సరీల్లో పెరిగి జిల్లాలు, రాష్ట్రాలు దాటుతోంది. అల్లం, బంగాళాదుంప విత్తనమూ అంతే. పైకి లక్షణాలు లేకుండా బ్యాక్టీరియాను మోసే మొక్కలు ఉన్నాయని తెలిసినప్పుడు, నర్సరీ ధ్రువీకరణలో ఈ పరీక్షను చేర్చడం అతి జాగ్రత్త కాదు.

నాలుగోది, ఫలితం రైతుకు అర్థమయ్యే మాటల్లో చేరడం. దేశంలో 700కు పైగా కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. గ్లాసు నీటి పరీక్షతో తెగులును నిర్ధారించి, నమూనాను దగ్గరి ప్రయోగశాలకు పంపి, వచ్చిన ఫలితాన్ని మండలాల వారీగా పటంలో చూపితే చాలు. సీక్వెవార్ సంఖ్య రైతుకు అక్కర్లేదు. 'ఈ మండలంలో ఈ రెండు రకాలు నిలుస్తాయి, ఫలానా రకం వద్దు, ఒక పంట వరి వేసి నీరు కట్టండి' అన్న సలహా కావాలి. ఆ సలహా వెనుక జన్యు పరీక్ష ఉండాలి.

వచ్చే సీజన్‌కు రైతు నర్సరీ ముందు నిలబడి అంటు నారుకు మామూలు నారు కంటే ఎక్కువ ధర చెల్లించేటప్పుడు ఒక ప్రశ్న వేయవచ్చు: 'ఇది మా నేలలో ఉన్న తెగను తట్టుకుంటుందా?' దానికి జవాబు చెప్పడానికి కావలసిన శాస్త్రం దాదాపు అంతా సిద్ధంగా ఉంది. రైతు నేలను ఒకసారి పరీక్షించి, ఆ ఫలితాన్ని లేబుల్ మీద రాయడమే మిగిలింది.